డబ్లిన్‌లో తాయిలాల రాత్రి

పిల్లలూ! సాయంకాలం వేళ ఎవరో మీ ఇంటి తలుపు తట్టారు. తీసి చూస్తే ఎదురుగా ఒక దయ్యమూ, ఒక పులీ, ఒక రాజకుమారీ నిలబడి వున్నారు. "తాయిలం పెడతారా, తుంటరిపని చెయ్యమంటారా?" అని అడిగారు. అప్పుడు మీరేం చేస్తారు?

అమెరికాలో ఏటా అక్టోబరు 31వ తేదీ రాత్రి లక్షలకొద్దీ పిల్లలు ఇలా వేషాలు వేసుకొని ఇరుగు పొరుగు ఇళ్ళకు వెళతారు. ఆ పండుగ పేరు హాలోవీన్. వాళ్ళు అడిగే మాట "ట్రిక్ ఆర్ ట్రీట్". "ఈ ఆచారం పూర్వంలాగా లేదు, పోతున్నది" అని అక్కడి పెద్దలు కొందరు అంటారు. "పోవటమేమిటి, రోజు రోజుకూ పెరుగుతున్నది" అని మరి కొందరు అంటారు. 2023లో ఆ రాత్రి నేను అక్కడే వున్నాను. ఎవరి మాట నిజమో కళ్ళారా చూద్దామని మా మనుమడి వెంట బయలుదేరాను.

మా అమ్మాయి వాళ్ళు వుండేది ఒహాయో రాష్ట్రంలోని డబ్లిన్ అనే ఊళ్ళో. ఆ రాష్ట్రానికి రాజధాని కొలంబస్ నగరం. దానికి వాయవ్యంగా, సయోటో నది ఒడ్డున డబ్లిన్ వున్నది. మీరు భూగోళంలో ఐర్లండు దేశపు రాజధాని డబ్లిన్ అని చదివే వుంటారు. ఆ ఊళ్ళో పుట్టిన జాన్ షీల్డ్స్ అనే ఆయన 1810లో తన ఊరి పేరే దీనికీ పెట్టాడు. ఈ ఊళ్ళో ఒక వింత వున్నది. ఒక మైదానంలో మనిషికన్న ఎత్తైన మొక్కజొన్న కంకులు వరసలు తీరి నిలబడి వుంటవి. అవి నిజం కంకులు కావు, సిమెంటు కాంక్రీటుతో పోసినవి. మొత్తం 109. పూర్వం అక్కడ మొక్కజొన్న చేలు వుండేవని జ్ఞాపకంగా 1994లో వాటిని నిలబెట్టారు.

హాలోవీన్ కూడా ఐర్లండునుంచి వచ్చినదే. పంటలు ఇంటికి చేరి చలికాలం మొదలయ్యే ఆ రాత్రి చనిపోయినవారి ఆత్మలు భూమిమీద తిరుగుతాయని అక్కడి ప్రాచీనులు నమ్మేవారు. తరవాత క్రైస్తవులు నవంబరు 1ని పుణ్యపురుషుల దినంగా, మర్నాటిని ఆత్మల దినంగా జరుపుకొన్నారు. అప్పుడు బీదవారు ఇంటింటికీ వెళ్ళి, ఆ ఇంట చనిపోయినవారికోసం ప్రార్థన చేస్తామని చెప్పి రొట్టెలు అడిగేవారు. ఐర్లండులో ముల్లంగివంటి టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టేవారు. 1845లో బంగాళాదుంప పైరుకు తెగులు తగిలి ఆ దేశంలో ఘోరమైన కరువు వచ్చింది. జనం ఓడలెక్కి అమెరికాకు తరలిపోయారు. అక్కడ వాళ్ళకు టర్నిప్ కన్న సులువుగా తొలచటానికి గుమ్మడికాయ దొరికింది. మనం దిష్టి తగలకుండా గుమ్మానికి గుమ్మడికాయ కడతాం గదా! వాళ్ళు దానికి కళ్ళూ, ముక్కూ, పళ్ళూ చెక్కి, లోపల దీపం వెలిగించి గుమ్మం ముందు పెడతారు.

మొదట్లో ఆ రాత్రి పిల్లలు చేసే అల్లరికి అంతు వుండేది కాదు. దొడ్ల తలుపులు వూడదీసి దాచేవాళ్ళు. కిటికీలకు సబ్బు పూసేవాళ్ళు. ఈ అల్లరి మాన్పటానికి పెద్దవాళ్ళు కనిపెట్టిన ఉపాయమే తాయిలం. కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో 1927 నాటికే పిల్లలు "ట్రిక్ ఆర్ ట్రీట్" అని అడిగినట్టు పత్రికలలో వున్నది. అయోవా రాష్ట్రంలోని డిమొయిన్ నగరంలో 1938లో మరొక ఏర్పాటు చేశారు. అక్కడ పిల్లలు ఊరికే చెయ్యి చాపకూడదు. ఒక పొడుపుకథో, నవ్వు పుట్టించే మాటో చెప్పి తాయిలం సంపాదించుకోవాలి!

రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికాలో పంచదారకు రేషన్ పెట్టారు. 1942నుంచి 1947దాకా తాయిలాలకు కరువే. రేషన్ పోగానే ఆచారం మళ్ళీ పుంజుకున్నది. 1950లో ఫిలడెల్ఫియాలో కొందరు పిల్లలు పాలడబ్బాలు చేతపట్టుకొని, కష్టాలలో వున్న పరదేశపు బాలలకోసం చిల్లర డబ్బులు పోగుచేశారు. ఐక్యరాజ్య సమితివారి బాలల నిధికి చందా పోగుచేసే పద్ధతి అలా మొదలైంది.

ఇక ఆనాటి సంగతి చెబుతాను. ఆ ప్రాంతంలో తాయిలాలకు వేళ సాయంకాలం 6నుంచి 8దాకా అని ముందే నిర్ణయిస్తారు. ఒక నియమం కూడా వున్నది. గుమ్మంలో దీపం వెలుగుతుంటే "రండి" అని అర్థం. దీపం లేకపోతే ఆ తలుపు తట్టకూడదు.

మరొక చిత్రం చూడండి. అక్కడ ఎండాకాలంలో గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు. పూర్వం అక్టోబరు చివరి ఆదివారంనాడు వాటిని మళ్ళీ వెనక్కు తిప్పేవాళ్ళు. 2007నుంచి నవంబరు మొదటి ఆదివారానికి మార్చారు. అందువల్ల కొలంబస్‌లో ఆ రోజు పొద్దు గుంకేది గడియారం ప్రకారం సుమారు ఆరున్నరకు. పాత పద్ధతే వుంటే అయిదున్నరకే గుంకేది. చిన్న పిల్లలకు ఒక గంట వెలుతురు కలిసివచ్చిందన్న మాట.

మా మనుమడికి ఎనిమిదేండ్లు. ఆ ఏడు ఆగస్టు 23న మన చంద్రయాన్-3 చంద్రుడిమీద దిగింది గదా! వాడు ఆ విక్రమ్ లాండర్ వేషం వేస్తానని పట్టుబట్టాడు. అట్టపెట్టెకు బంగారు రంగు కాగితం అంటించి, నాలుగు కాళ్ళు అమర్చి, పైన మన జెండా గుచ్చాము. అంతా బాగానే వున్నది. తీరా కారు ఎక్కబోతే ఆ కాళ్ళు పట్టలేదు!

కారు ఎందుకంటారా? మా అమ్మాయి వాళ్ళ వీధిలో చాలామంది పిల్లలను కారులో ఎక్కించుకొని మరొక పేటకు తీసుకుపోతారు. అక్కడ ఇళ్ళు దగ్గర దగ్గరగా వుంటవి, నడవటానికి కాలిబాటలు వుంటవి, సంచీ త్వరగా నిండుతుంది. మా అల్లుడుగారు అట్టకాళ్ళు విప్పి మళ్ళీ అతికించే ఏర్పాటు చేసేలోగా, "తాతయ్యా, మనం మన వీధిలో తిరుగుదాం పద" అన్నాడు వాడు. చలిగాలి కొరికేస్తున్నది. నేను శాలువా కప్పుకొని వెంట నడిచాను. రాలిన మేపుల్ ఆకులు కాళ్ళకింద గలగలలాడుతున్నవి.

నేను లెక్కలు చెప్పినవాణ్ణి గదా, వీధిలోని ఇళ్ళు లెక్కపెట్టాను. మొత్తం 22. దీపం వెలిగేవి 9.

వీధి చివర ఇంట్లో నెరిసిన జుట్టు పెద్దమ్మ ఒకావిడ గుమ్మంలోనే కుర్చీ వేసుకొని, కాళ్ళమీద కంబళి కప్పుకొని కూర్చున్నది. ఒళ్ళో బేసిన్ నిండా తాయిలాలు. మావాణ్ణి చూసి, "నువ్వేమిటి నాయనా, బల్లవా?" అని అడిగింది. వాడు నొచ్చుకోలేదు. తాను చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగాననీ, అంతకుముందు ఏ దేశమూ అక్కడ దిగలేదనీ చెప్పాడు. పొట్టలోంచి ఒక చిన్న బండి దిగి నేలమీద తిరిగిందని చెప్పి, దాని పేరు ప్రజ్ఞాన్ అని ఆవిడచేత మూడుసార్లు పలికించాడు. ఆవిడ చివరిదాకా విన్నది. గుప్పెడు తాయిలాలు వేసింది.

తరవాత నాతో, "మా పిల్లలు చిన్నప్పుడు ఈ వీధి నిండా పిల్లలే. ఈ బేసిన్ రెండుసార్లు నింపేదాన్ని. పోయిన ఏడు నలుగురే వచ్చారు. ఈసారి దీపం పెట్టటమా మానటమా అని ఆలోచించాను" అన్నది. నాకేమి చెప్పాలో తోచలేదు.

తరవాత కారులో ఆ రెండవ పేటకు వెళ్ళాము. అక్కడ తిరునాళ్ళే! ప్రతి గుమ్మానికీ దీపమే, ప్రతి గుమ్మం ముందూ వరస కట్టిన పిల్లలే. తాయిలం పడటమూ, పక్కకు జరగటమూ. ఒక ఇంటిముందు నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు వేసిన గుమ్మడికాయ వున్నది. అంటే ఏమిటో తెలుసా? కొందరు పిల్లలకు వేరుశనగవంటి పదార్థాలు తింటే పడవు. అలాంటివారికి తినేవి కాక బొమ్మలో, పెన్సిళ్ళో ఇస్తామని దాని అర్థం. ఈ మంచి పద్ధతి 2014లో దేశమంతటా మొదలైంది.

మరి పాత వీధులు ఎందుకు వెలవెలబోతున్నవి? మొదటి కారణం లెక్కలోనే వున్నది. 1960లో అమెరికాలో నూరుమందిలో సుమారు 36 మంది 18 ఏండ్లలోపువారు. 2020 జనాభా లెక్కలలో 22 మందే. పిల్లలు తగ్గితే తలుపు తట్టే చేతులు తగ్గవా? రెండవది భయం. పరాయివాళ్ళు తాయిలాలలో విషం పెడతారని చాలా ఏండ్లనుంచి పుకారు వున్నది. జోయెల్ బెస్ట్ అనే సమాజ శాస్త్రజ్ఞుడు 1958నుంచి వచ్చిన వార్తలన్నీ వెతికి చూశాడు. ఒక పరాయి మనిషి అలా తాయిలంలో విషం పెట్టి పిల్లవాణ్ణి చంపిన దాఖలా ఒక్కటీ ఆయనకు దొరకలేదు. ఆ రాత్రి నిజమైన ప్రమాదం చీకట్లో పోయే మోటారు బండ్లవల్లనే. అయినా భయం భయమే. అందుకని కొన్ని చోట్ల బడి ఆవరణలోనో, చర్చి ఆవరణలోనో కార్లు వరసగా నిలిపి, వెనక డిక్కీలు తెరిచి అందులోంచి తాయిలాలు పంచుతున్నారు.

అలాగని ఆచారం చచ్చిపోతున్నదని అనలేము. 2020లో కరోనా వచ్చినప్పుడు, తలుపులు తట్టవద్దని వైద్యాధికారులు చెప్పారు. అప్పుడు కొందరు పొడుగాటి గొట్టాలు కట్టి, పైనుంచి తాయిలాలు జార్చి, కిందవున్న పిల్లల సంచుల్లో పడేట్టు చేశారు! 2023లో అక్కడి దుకాణదారుల సంఘం అంచనా ప్రకారం ఈ పండుగకు జనం పెట్టే ఖర్చు 1220 కోట్ల డాలర్లు. వారు విచారించినవారిలో మూడింట రెండు వంతులమంది తాయిలాలు పంచుతామనే చెప్పారు. అంటే ఆచారం పోలేదు. కొన్ని వీధులు ఖాళీ అయి, కొన్ని వీధులు కిక్కిరిసినవి.

రాత్రి ఇంటికి వచ్చి మావాడు సంచీ బోర్లించాడు. మా వీధిలో వచ్చినవి 17, ఆ పేటలో వచ్చినవి 64. లెక్క నేనే పెట్టాను. "ఏ వీధి బాగున్నదిరా?" అని అడిగాను. వాడు కాసేపు ఆలోచించి, "తాయిలాలు అక్కడే ఎక్కువ తాతయ్యా. కాని నేనేమిటో అక్కడ ఎవ్వరూ అడగలేదు" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు మా ఊరు గుర్తుకు వచ్చింది. మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లె. 1967 ప్రాంతంలో, నాకు ఏడేండ్లప్పుడు, దసరా నవరాత్రులలో మా అయ్యవారు బడిపిల్లలందరినీ వెంటబెట్టుకొని ఇంటింటికీ తీసుకువెళ్ళేవారు. రంగు కాగితాలు అంటించిన గిలకలూ, విల్లంబులూ పట్టుకొని, పద్యాలు పాడుతూ, పూలూ బుక్కాగులామూ చల్లేవాళ్ళం. ఇంటివాళ్ళు అయ్యవారికి దక్షిణ ఇచ్చి, మాకు పప్పుబెల్లాలు పెట్టేవారు. ప్రతి ఇంటి అవ్వా, "నువ్వు ఎవరి అబ్బాయివిరా? ఏది, ఒక పద్యం చదువు" అని అడిగేది. పూర్వం వీధిబడి అయ్యవార్లకు నెలజీతాలు లేనందువల్ల ఆ దసరా కానుకే వాళ్ళకు ఆధారం. జీతాలు వచ్చాక ఆచారం మెల్లగా సన్నగిల్లింది.

నేను ప్రధానోపాధ్యాయుణ్ణి అయిన కొత్తలో ఒక ముసలి రైతు బడికి వచ్చి, "మాస్టారూ, ఈ దసరాకు పిల్లల్ని ఇళ్ళకు తీసుకురాకూడదూ? మా ఆడవాళ్ళు పప్పుబెల్లాలు సిద్ధం చేస్తారు" అని అడిగాడు. నేను, "నెలజీతం తీసుకొనేవాణ్ణి, పిల్లల్ని వెంటేసుకొని ముష్టి ఎత్తమంటారా?" అన్నాను. ఆయన మారుమాట లేకుండా వెళ్ళిపోయాడు. ఆయన అడిగినది ముష్టి కాదు; పిల్లలు తన గడప తొక్కాలని అడిగాడు. అది నాకు తెలియటానికి ఇన్నేండ్లు పట్టింది. ఇప్పుడు చెబుదామన్నా ఆయన లేడు.

మరుసటి ఏడు, 2024 దసరాకు నేను మా ఇంట్లోనే వున్నాను. పళ్ళెం నిండా పుట్నాలపప్పూ, బెల్లమూ కలిపి అరుగుమీద పెట్టుకొని కూర్చున్నాను. పద్యమో, పొడుపుకథో చెప్పినవారికే పెడతానని వీధి పిల్లలతో ముందే చెప్పాను. మొదటిరోజు ఒక్కరూ రాలేదు. రెండవరోజు ఇద్దరు ఆడపిల్లలు వచ్చి, సిగ్గుపడుతూ ఒక పొడుపుకథ వేశారు. అది విప్పటం నా వల్ల కాలేదు! ఆ మాట వీధంతా పాకింది. మూడవరోజుకు తొమ్మిదిమంది అయ్యారు. ఎవరి పిల్లలో, ఏ ఇంటివాళ్ళో అందరినీ అడిగి తెలుసుకున్నాను.

పిల్లలూ! తలుపు తట్టే ఆచారం ఏ దేశంలోదైనా సరే, అది నిలవటానికి పిల్లలొక్కరే చాలరు, దీపం పెట్టుకొని కూర్చొనే ఇల్లు కూడా వుండాలి. దీపం పెట్టినా తట్టేవాళ్ళు లేకపోతే ఆ ఇల్లూ ఆర్పేస్తుంది. మా మనుమడి వీధిలోని పెద్దమ్మ 2024లో కూడా దీపం పెట్టిందట. మావాడు ఈసారి ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకొని మొదట ఆవిడ ఇంటికే వెళ్ళాడట.

మీ తాతగారినో, అమ్మమ్మగారినో పప్పుబెల్లాల సంగతి అడగండి. వాళ్ళకు ఏ పద్యం గుర్తున్నదో కనుక్కోండి. వచ్చే దసరాకు, మీ పెద్దవాళ్ళతో చెప్పి, మీ వీధిలో ఒంటరిగా వుండే ఒక ముసలివారి తలుపు తట్టి చూడండి.