దొరసాని దొరకడం లేదు

కారు అరుదైనదా కాదా అని తేల్చడానికి మామూలుగా అడిగే ప్రశ్న ఒక్కటే: ఎన్ని తయారయ్యాయి? ఈ లెక్కన రోల్స్‌రాయిస్ ఫాంటమ్-4 ఎంతో అరుదైనది. 1950-56 మధ్య తయారైనవి 18 మాత్రమే. రాజవంశాలకు, దేశాధినేతలకు తప్ప వాటిని మరెవరికీ అమ్మలేదు. అయితే అందులో ఒక తిరకాసుంది. ఆ 18 కార్లలో అత్యధికం ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. పుట్టినప్పుడే అపురూపమైన వస్తువును ఎవరూ పారేయరు. హైదరాబాద్ నిజాం కోసం తయారైన 1912 నాటి పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్‌ను ఇప్పటికీ చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. సింహాసనంలాంటి సీటున్న ఆ కారు రోడ్డు మీద తిరిగింది చాలా తక్కువ. వందేళ్లు దాటినా చెక్కుచెదరకపోవడానికి అదీ ఒక కారణం.

దీనికి సరిగ్గా ఎదురు కథ కోల్‌కతా పక్కనే జరిగింది. హౌరాలో లోకల్ రైలెక్కితే అరగంటలో హింద్‌మోటార్ అనే స్టేషన్ వస్తుంది. ఉత్తర్‌పాడా, కొన్నగర్ స్టేషన్ల మధ్య ఉండే ఈ ఊరికి ఆ పేరు ఇచ్చింది కార్ల ఫ్యాక్టరీయే. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో మొదలై, 1948లో హుగ్లీ నది ఒడ్డుకు మకాం మార్చింది. దేశమంతా ఎరిగిన అంబాసిడర్ పుట్టింది ఇక్కడే. అదే ఫ్యాక్టరీ నుంచి 1984లో ఇంకో కారు బయటికొచ్చింది. దాని పేరు కాంటెస్సా. ఇటాలియన్‌లో ఆ మాటకు అర్థం ప్రభువుగారి భార్య. మన వాడుకలో చెప్పాలంటే దొరసాని.

దొరసాని పుట్టిల్లు మాత్రం అంత గొప్పది కాదు. ఇంగ్లాండ్‌లో లూటన్ పట్టణంలోని వాక్స్‌హాల్ కంపెనీ 1972లో తెచ్చిన విక్టర్ ఎఫ్‌ఈ, తర్వాత వీఎక్స్‌గా పేరు మారిన సెడాన్ ఇది. అక్కడ మధ్యతరగతి కుటుంబీకుల బండి. 1978లో ఆ కంపెనీ దాని తయారీ ఆపేశాక అచ్చులు, యంత్రాలు హిందుస్థాన్ మోటార్స్ చేతికొచ్చాయి. లూటన్‌లో కాలం చెల్లిన కారు ఉత్తర్‌పాడాలో విలాసవంతమైన కారైంది. నవ్వుకోనక్కర్లేదు. అప్పటికి దేశంలో కొనదగ్గ కార్లంటే అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, 1983 డిసెంబర్‌లో వచ్చిన మారుతి 800. విదేశీ కారు దిగుమతి చేసుకోవడం సామాన్యుడి మాట అటుంచి, ధనవంతుడికే గగనం. ఆ కరవులో నాలుగున్నర మీటర్లకు పైగా పొడవుతో, వెనక సీట్లో కాళ్లు చాపుకునే వీలుతో, అమెరికన్ సినిమా కారులాంటి ముక్కుతో వచ్చిన బండి విలాసం కాక మరేమిటి? విలాసమనేది వస్తువులో ఎంత ఉంటుందో, చుట్టూ ఉన్న లేమిలోనూ అంతే ఉంటుంది.

అయితే బానెట్ ఎత్తితే గుట్టు బయటపడేది. లోపల ఉన్నది అంబాసిడర్ నడిపే 1489 సీసీ ఇంజనే. బలం 50 హార్స్‌పవర్. అంబాసిడర్‌కే అంతంతమాత్రంగా సరిపోయే ఆ ఇంజను ఇంత భారీ శరీరాన్ని లాగలేక ఆయాసపడేది. 1980ల ద్వితీయార్థంలో జపాన్ ఇసుజు కంపెనీ 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజను, అయిదు గేర్ల పెట్టె అమర్చి ‘కాంటెస్సా క్లాసిక్’ అన్నాక గానీ పేరుకు తగ్గ నడక రాలేదు. బలం 90 హార్స్‌పవర్‌కు దగ్గరగా పెరిగింది. తర్వాత డీజిల్ ఇంజనూ వచ్చింది. 1980ల చివర, 1990ల మొదట్లో మంత్రి గారి ఇంటి ముందు, పెద్ద కంపెనీ ఆఫీసు పోర్టికోలో, సినిమాలో స్మగ్లర్ గెస్ట్‌హౌస్ ఆవరణలో ఆగి ఉండే కారు ఇదే. విలన్ దిగడానికి ముందు నల్లని కాంటెస్సా తలుపు తెరుచుకోవడం ఆ రోజుల్లో హిందీ సినిమాకే కాదు, మనవాళ్లకూ అలవాటే.

పోటీకి వచ్చినవి లేకపోలేదు. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ బ్రిటిష్ రోవర్ ఎస్‌డీ-1 శరీరానికి తన పాత ఇంజను తగిలించి 1985లో ‘స్టాండర్డ్ 2000’ తెచ్చింది. ఇంధనం తాగేది, పికప్ ఉండేది కాదు. మూడు నాలుగేళ్లలో మూటగట్టేసింది. ప్రీమియర్ 118-ఎన్‌ఈ నిస్సాన్ ఇంజనుతో కొంత నిలదొక్కుకుంది కానీ దర్జాలో కాంటెస్సాకు సాటి రాలేదు. ఒక దశాబ్దం పాటు దేశంలో తయారయ్యే సెడాన్లలో పెద్దరికమంతా ఉత్తర్‌పాడాదే.

మరి 18 ఏళ్లు నిర్విరామంగా తయారైన కారు ఇప్పుడెందుకు కనిపించదు? కోల్‌కతాలో పార్క్ స్ట్రీట్ నుంచి శ్యామ్‌బజార్ దాకా ఒక పూటంతా తిరిగినా కాంటెస్సా ఒక్కటి ఎదురైతే అదృష్టమే. అది పుట్టిన ఊరికి కూతవేటు దూరంలోనే ఈ పరిస్థితి. ఉత్పత్తి, అమ్మకాల అంకెలు ఇక్కడ కొరగావు. అమ్మిన కార్లెన్నో కంపెనీ పుస్తకాలు చెబుతాయి. మిగిలిన కార్లెన్నో చెప్పవు. బ్రిటన్‌లో రోడ్డు మీద తిరగడానికి లైసెన్సున్న వాహనాల వివరాలను మోడల్ వారీగా ప్రభుత్వం క్రమం తప్పకుండా ప్రకటిస్తుంది. అందుకే అక్కడి పాత కార్ల ప్రేమికులు ఫలానా మోడల్ ఇక ఇన్నే ఉన్నాయని వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు. మన రవాణా శాఖ రిజిస్టర్‌లో వాహనానికి పుట్టుకే తప్ప చావు నమోదు కావడం అరుదు. కారును తుక్కు కింద అమ్మేసినవారు ఆర్‌సీ రద్దు చేయించుకునే శ్రమ తీసుకోరు. దాంతో కారు పోయినా కాగితం బతికే ఉంటుంది. రికార్డు ప్రకారం దొరసాని ఇంకా ఎక్కడో కాపురం చేస్తూనే ఉంటుంది.

కాంటెస్సా అంతర్ధానానికి మొదటి దెబ్బ 1991 తర్వాత తగిలింది. ఆర్థిక సంస్కరణలతో గేట్లు తెరుచుకున్నాయి. 1994లో మారుతి ఎస్టీమ్, 1995లో దేవూ సియెలో, ఆ తర్వాత ఒపెల్ ఆస్ట్రా, ఫోర్డ్ ఎస్కార్ట్, హోండా సిటీ వరుస కట్టాయి. 1995లోనే పుణెలో మెర్సిడెస్ బెంజ్ బిగింపు మొదలైంది. నిన్నటిదాకా అందరికంటే పైమెట్టున ఉన్న కారు ఒక్కసారిగా ఎటూ కాకుండా పోయింది. డబ్బున్నవారికి అంతకంటే మంచిది దొరికింది. డబ్బు లెక్క చూసుకునేవారికి అంతకంటే పొదుపైనది దొరికింది. నగరంలో లీటరుకు పది కిలోమీటర్లు రావడమే గొప్పయిన బండిని ఎవరు కొంటారు? సాక్షాత్తూ హిందుస్థాన్ మోటార్సే 1998లో తమిళనాడులోని తిరువళ్లూరులో మిత్సుబిషి లాన్సర్ తయారీకి దిగింది. సొంత ఇంట్లోనే సవతి వచ్చిందన్నమాట. 2002లో కాంటెస్సా తయారీ ఆగిపోయింది.

అక్కడి నుంచి అసలు కథ. తయారీ ఆగిన కారును అరుదుగా మార్చేది కాలం కాదు, దాని రెండో యజమాని, మూడో యజమాని. మంత్రి గారి కారు వేలంలో ట్రావెల్స్ యజమానికి చేరింది. అక్కడ పెళ్లిళ్లకు, విమానాశ్రయం కిరాయిలకు తిరిగింది. తర్వాత ఎవరో గ్యాస్ సిలిండర్ పెట్టించి పెట్రోల్ ఖర్చు తగ్గించుకున్నారు. తుప్పు పట్టిన తలుపుకు టింకరింగ్ చేయించడం కన్నా తూకానికి అమ్మితేనే లాభమనిపించే రోజు వచ్చింది. అన్నిటికంటే విచిత్రం ఏమిటంటే దొరసాని ప్రాణం తీసింది ఆమె గుండెకాయే. ఆ ఇసుజు ఇంజను, గేర్‌బాక్స్ గట్టివని మెకానిక్‌లందరికీ తెలుసు. 1990లలో హిందుస్థాన్ మోటార్స్ అదే 1.8 లీటర్ల ఇంజనును అంబాసిడర్‌లోనూ పెట్టింది. దాంతో దారి దొరికింది. నీరసించిన అంబాసిడర్‌కు, కొండలెక్కలేని జీపుకు కాంటెస్సా ఇంజను మార్పిడి చేసుకోవడం షెడ్డుల్లో మామూలు పనైపోయింది. గుండె తీసేశాక మిగిలిన కళేబరం తుక్కు దుకాణానికే కదా.

పాత కారు పార్టులకు కోల్‌కతాలో పేరుపడిన చోటు మల్లిక్ బజార్. ఇరుకు దుకాణాల్లో స్టీరింగులు, హెడ్‌లైట్లు, చక్రాల కప్పులు దండలు దండలుగా వేలాడుతుంటాయి. అంబాసిడర్ భాగమేదైనా అక్కడ అడిగిన నిమిషంలో చేతిలో పెడతారు. కాంటెస్సా వెనక దీపం అద్దం అడిగితే కథ వేరు. ‘‘దాదా, ఆ మాట అడిగి ఎన్నాళ్లయింది!’’ అన్నట్టు చూస్తారు. కాంటెస్సా యజమాని బాధ ఇదే. ఇంజనుకు ఢోకా లేదు, దాని భాగాలు ఎలాగోలా సంపాదించొచ్చు. ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు, తలుపు పిడి, గ్రిల్ మీది అక్షరాలు, డ్యాష్‌బోర్డు మీది మీట... పది రూపాయల వస్తువు లేక లక్షల రూపాయల కారు షెడ్డులో ఏళ్ల తరబడి కూచుంటుంది. అలాంటి యజమానులు ఒకరినొకరు వెతుక్కుని, ఎవరి షెడ్డులో పాడైన కాంటెస్సా ఉందో ఆరా తీసి, మూడు కార్ల నుంచి ఒక కారు చేస్తుంటారు. సంఖ్య మూడోవంతుకు పడిపోతుంది, మిగిలిన ఆ ఒక్కటి మాత్రం మెరిసిపోతుంది. దీన్ని సంరక్షణ అనాలో సంహారం అనాలో తేల్చడం కష్టం.

అంబాసిడర్ కథ పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. 1980లలో ఏటా 20 వేలకు పైగా అమ్ముడైన ఆ కారు 2013-14లో దేశం మొత్తం మీద 2,200 మించలేదు. ఆఖరి రోజుల్లో ఉత్తర్‌పాడాలో రోజుకు అయిదు కార్లు తయారయ్యేవి. రోల్స్‌రాయిస్ ఫ్యాక్టరీ కూడా సిగ్గుపడే అంకె. 2014 మే 24న పని నిలిపివేస్తున్నట్టు నోటీసు అంటించారు. రెండు వేల మందికి పైగా కార్మికులు రోడ్డున పడ్డారు. అయినా కోల్‌కతా పసుపుపచ్చ ట్యాక్సీల పుణ్యమా అని అంబాసిడర్ జనం కళ్లముందే ఉండిపోయింది. కమర్షియల్ వాహనాలకు 15 ఏళ్ల గడువు అమలు చేయాలని 2008లో కలకత్తా హైకోర్టు ఆదేశించాక ఆ ట్యాక్సీలూ విడతలు విడతలుగా తప్పుకుంటున్నాయి. 2014లో రోడ్డెక్కిన చివరి అంబాసిడర్ ట్యాక్సీకి ఆ గడువు 2029లో ముగుస్తుంది. ఆ పసుపు రంగు పోతోందని ఊరంతా బెంగపడుతోంది, పత్రికలు రాస్తున్నాయి. కాంటెస్సా పోయినప్పుడు ఎవరూ ఏమీ అనుకోలేదు. జనం ఎక్కిన కారుకు, జనం చూసిన కారుకు ఆమాత్రం తేడా ఉంటుంది.

పేర్లకు మాత్రం గిరాకీ తగ్గలేదు. అంబాసిడర్ అనే పేరును 2017లో ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. కాంటెస్సా పేరు 2022లో ఎస్‌జీ కార్పొరేట్ మొబిలిటీ అనే సంస్థకు బదిలీ అయ్యింది. పేరు కాగితం మీద చేతులు మారినంత తేలిక కాదు కారును నిలబెట్టుకోవడం. సొంత కారుకైనా 15 ఏళ్లు నిండితే అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ పరీక్ష, రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ తప్పవు. 600 రూపాయలుగా ఉన్న ఆ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేసింది. పాత బండ్లు పొగ కక్కుతాయన్నది నిజమే కాబట్టి ఈ నిబంధనను తప్పుపట్టలేం. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగని దొరసానికీ, రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే బండికీ ఒకే కొలత వేయడమే ఇబ్బంది.

అలాగని ప్రభుత్వానికి పాతకార్ల మీద ప్రేమ లేదనలేం. 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారును వింటేజ్‌గా గుర్తించి, ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. రోజువారీ వాడకానికి కాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్లొచ్చు. కోల్‌కతాకు ఆ ముచ్చట కొత్త కాదు. స్టేట్స్‌మన్ పత్రిక వింటేజ్, క్లాసిక్ కార్ల ర్యాలీ 1968లోనే మొదలైంది. జమీందారుల కాలం నాటి బండ్లు చలికాలపు ఎండలో తళతళలాడుతూ వస్తుంటే ఊరు ఊరంతా చూడ్డానికి వస్తుంది.

చిక్కల్లా పదిహేనుకూ యాభైకీ మధ్య ఉన్న ముప్పై అయిదేళ్లతోనే. ఆ వయసులో కారు కొత్తదీ కాదు, పురాతనమైనదీ కాదు, ఉత్త పాతది. దాన్ని ఎవరూ దాచరు. 1984 నాటి మొట్టమొదటి కాంటెస్సాలకు 50 ఏళ్లు నిండేది 2034లో. 2002లో వచ్చిన చివరి కారు 2052 దాకా ఆగాలి. అప్పటిదాకా అయిదేళ్లకోసారి దాన్ని తనిఖీకి తోలుకెళ్లే యజమాని ఉండాలి, ఆ ఇంజను చప్పుడు వినగానే జబ్బు చెప్పగల మెకానిక్ బతికుండాలి, మల్లిక్ బజార్‌లో ఏదో ఒక అటక మీద ముందు అద్దం రబ్బరు ఇంకొకటి మిగిలి ఉండాలి.