విశాఖలో గాలివాన... తొరంగ్‌లో మంచు తుపాను

హుద్‌హుద్ పేరు చెబితే విశాఖవాసులకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. చెట్లు కూకటివేళ్లతో లేచాయి, విమానాశ్రయం పైకప్పు ఊడింది, ఊరంతా రోజుల తరబడి చీకట్లో మగ్గింది. మనకు తెలిసిన కథ అంతవరకే. తీరం దాటాక ఆ తుపాను ఏమైంది?

బలం తగ్గి, ఉత్తరానికి తిరిగి, గంగా మైదానం మీదుగా నేపాల్ చేరింది. అక్టోబరు 14న హిమాలయాలకు తగిలి, మిగిలిన తేమనంతా మంచుగా కుమ్మరించింది.

అన్నపూర్ణ పర్వతాలను చుట్టి వచ్చే కాలిబాట ఒకటుంది. అందులో అన్నిటికన్నా ఎత్తైన చోటు తొరంగ్ లా. 'లా' అంటే కనుమ. ఎత్తు 5,416 మీటర్లు. దాటి అవతలికి దిగితే ముక్తినాథ్... సాలగ్రామాల గండకీ తీరం, 108 ధారల స్నానం అంటూ మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే ఆ క్షేత్రమే. యాత్రికులు పోఖరా, జోమ్‌సోమ్‌ల వైపు నుంచి వస్తారు. ట్రెకింగ్ చేసేవాళ్లు మనాంగ్ నుంచి కనుమ ఎక్కి దిగుతారు.

అక్టోబరంటే అక్కడ మంచి సీజను. వానలు పోయి, ఆకాశం కడిగినట్టుంటుంది. ఆ ధీమాతోనే ఆ రోజు కూడా ఎంతోమంది కనుమకు బయల్దేరారు. మంచు అంతకంతకూ దట్టమై, ముందు నడిచే మనిషి కనబడకుండా పోయాడు. దారి తప్పినవాళ్లు కొందరు, చలికి కూలబడినవాళ్లు కొందరు, హిమపాతాల కింద పడ్డవాళ్లు కొందరు. ఆ తుపాను నేపాల్ కొండల్లో కనీసం 43 మందిని పొట్టన పెట్టుకుంది. విదేశీయులే కాదు, వాళ్ల బరువులు మోసే స్థానికులూ ఉన్నారు.

ఇది చెప్పాపెట్టకుండా వచ్చిన తుపానేం కాదు. భారత వాతావరణ శాఖ రోజుల ముందు నుంచే హెచ్చరించింది. మన తీరంలో లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. కానీ ఆ కబురు కొండ మీది చాలామందికి చేరనే లేదు. నన్నడిగితే, ఆ విషాదంలో మంచుకన్నా ఎక్కువగా బాధించేది ఇదే.

మరి కొండకు వెళ్లేవాళ్లు ఏ సూచనను నమ్మాలి? మొదటగా, కింది ఊరి వాతావరణం చూసి కొండకు అన్వయించుకోకూడదు. పోఖరా ఎత్తు 800 మీటర్ల పైచిలుకే. ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు పడిపోతుంది. అంటే పోఖరాలో 25 డిగ్రీల హాయి ఉన్నప్పుడు తొరంగ్ మీద నీళ్లు గడ్డకడుతుంటాయి. అక్కడ వాన అంటే ఇక్కడ మంచు! 'మౌంటెన్ ఫోర్‌కాస్ట్' లాంటివి ఒకే కొండకు వేర్వేరు ఎత్తుల్లో వాతావరణం విడివిడిగా చెబుతాయి. 'విండీ'లో గాలి, మేఘం ఎటు కదులుతున్నాయో పటం మీద కనిపిస్తుంది. రెండూ ఒకే మాట చెబితే సరే. చెరొక మాట చెబితే చెడ్డదాన్నే నమ్మి ఆగడం మేలు. అదీ రెండు మూడు రోజుల వరకే. పదో రోజు ఎండకాస్తుందన్న సూచనకు పంచాంగం పాటి విలువ ఇస్తే చాలు!

గాలినీ తక్కువ అంచనా వేయొద్దు. జోమ్‌సోమ్‌కు విమానాలు పొద్దున్నే ఎగురుతాయి. ఎండెక్కాక కాళీగండకీ లోయలో ఈడ్చి కొట్టే గాలి లేస్తుంది మరి. కనుమ మీదా అంతే. అందుకే చీకటితోనే బయల్దేరి మధ్యాహ్నంలోపు దాటేస్తారు.

ఇంకో సంగతి మనకే ప్రత్యేకం. అక్టోబరు, నవంబరుల్లో నేపాల్ టికెట్లు కొన్నవాళ్లు బంగాళాఖాతం మీద కూడా ఓ కన్నేసి ఉంచాలి. అల్పపీడనం పుట్టిందని వింటే, తీరం ఎక్కడ దాటుతుందన్నదే కాదు, దాటాక ఎటు తిరుగుతుందో కూడా వాతావరణ శాఖ బులెటిన్‌లో చదవాలి. ఉత్తరానికంటే కనుమ ప్రయాణం వాయిదా వేయడమే. పైన సిగ్నల్ దొరుకుతుందన్న నమ్మకం లేదు కాబట్టి, ఇంట్లోవాళ్లు బులెటిన్ చూసి లాడ్జీకి ఫోన్ చేసి చెప్పే ఏర్పాటు ముందే చేసుకోవాలి.

తిరుగు ప్రయాణానికి రెండు రోజులు అదనంగా పెట్టుకుంటే ఈ వాయిదా భారమనిపించదు. మనాంగ్‌లో కాలక్షేపానికి లోటు లేదు. ఎత్తు అలవాటయ్యేదాకా ఎలాగూ ఆగాల్సిన ఊరే. 3,500 మీటర్ల ఎత్తున, పొయ్యి పక్కన కూర్చుని సినిమా చూసే బుల్లి హాళ్లు కూడా ఉన్నాయక్కడ.