మూరెడు సొర వయసెంత?

ఆదివారం పొద్దున విజయవాడ వన్ టౌన్‌లో చేపల గంప ముందు నిలబడ్డారనుకోండి. బందరు నుంచో నిజాంపట్నం నుంచో వచ్చిన సరుకు. పండుగప్పల పక్కన మూరెడేసి సొరలు రెండున్నాయి. “పిల్ల సొరలండీ, బాలింతకి పెట్టండి, పాలు పడతాయి” అంటుంది అమ్మే ఆవిడ. తొందరపడి తలూపకండి. అందులో ఒకటి పిల్ల కాదు, పిల్లల తల్లి అయ్యుండొచ్చు.

ఎలా తెలుస్తుందంటారా? పైనుంచి మూతి చూడండి. మేస్త్రీ తాపీలా పలచగా, వెడల్పుగా ఉందా? పెద్ద వీపు రెక్క బాగా వెనక్కి జరిగి, దాని కొస పొట్ట రెక్కల పైదాకా వచ్చిందా? అయితే అది స్కోలియోడాన్. రెండోదాని వీపు రెక్క ముందుకుంటుంది, నోటి మూలల్లో పొడుగాటి గీతలుంటాయి. అదే అసలు పాలసొర, రైజోప్రియోనోడాన్ అక్యూటస్. గంపలో పడ్డాక రెండిటికీ పేరొకటే, బేరమొకటే!

వయసు లెక్కే వేరు. స్కోలియోడాన్ 35 సెంటీమీటర్లకే ఈడుకొస్తుంది, ఎంత పెరిగినా 75 దాటదు. పాలసొర పుట్టడమే 25 పైన పుడుతుంది, ఈడుకు రావాలంటే 70 దాటాలి. అంటే మూరెడు పాలసొర ఇంకా పసిదే.

ఇంకో విచిత్రం వినండి. ఈ రెండూ గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. స్కోలియోడాన్ గుడ్డు ఒక్క మిల్లీమీటరు, అందులో సొన దాదాపు ఉండదు. అందుకని కడుపులో పిల్లలకి మాయ, బొడ్డుతాడు, అన్నీ మనకున్నట్టే. బాలింత పథ్యానికి భలే చేపని పట్టారు మనవాళ్లు!

మన సొరల్ని పుస్తకానికెక్కించినవాడు ప్యాట్రిక్ రస్సెల్. రక్తపింజరకి ఇంగ్లీషులో ఎవరి పేరు పెట్టారో ఆ డాక్టరే. విశాఖలో పోగేసిన 200 చేపల బొమ్మల్ని, తెలుగు పేర్లతో సహా, 1803లో లండన్‌లో అచ్చేయించాడు.

ఇప్పుడు పాలసొర ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ వారి ముప్పు జాబితాలో ఉంది. స్కోలియోడాన్ కాస్త నయం, జాబితా గుమ్మం దగ్గరుంది. నన్నడిగితే మూరెడు పాలసొరని వదిలేసి రొయ్యలు కొనుక్కోండి. సొర పిట్టు లేకపోతే అత్తగారు ఊరుకోరా? సొరలో పాదరసం ఎక్కువని, పాలిచ్చే తల్లులు తినొద్దని అమెరికా ఎఫ్‌డీఏ చెప్పిందనండి. సముద్రం మీద జాలి లేకపోయినా మనవడి మీద ఉంటుందిగా!