రవివర్మ పటము

చిత్రములను గూర్చి ముచ్చటించునపుడు మన విమర్శకులు రేఖను రంగును చూచెదరు గాని, ఆ చిత్రము నెదుట నెవరు కూర్చుండిరో చూడరు. మాకు మిక్కిలి ప్రియమైన చిత్రమేదని యెవరైన నడిగినచో, అజంతాగుహల పేరు చెప్పుట గౌరవమని యెఱిగియు, రవివర్మ శకుంతలయే యని చెప్పుదుము.

1894వ సంవత్సరమున రవివర్మ బొంబాయిలో స్థాపించిన ముద్రాలయమునుండి వెలువడిన రంగుపటములను పాఠకులెఱుగుదురు. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాతిపలకను వేఱుగా సిద్ధపఱచి, ఒకే కాగితముపై వరుసగా అచ్చొత్తి, తైలచిత్రమని భ్రమ కలుగునట్లు మెఱుగు పూయుచుండిరి. రాజుల మేడలలోని చిత్రములు ఆ విధముగా మనవంటివారి యిండ్లకు వచ్చినవి. ఆలయమున అడుగిడనీయని వారికి సైతము లక్ష్మీసరస్వతులు గోడమీద దర్శనమిచ్చిరి. ఈ యొక్క కార్యమునకే ఆయనకు నమస్కరింపవచ్చును.

మా యింటి పటములో శకుంతల చెలి భుజముపై చేయి ఆనించి, పాదమున ముల్లు తీయుచున్నట్లు నిలిచి, వెనుకకు తిరిగి చూచుచుండును. ఆమె చూచు దుష్యంతుడు పటములో లేడు. ఆ పటము నట్టింట గాక లోపలి గదిలో, మా మేనత్త వత్తులు చేసికొనుచు కూర్చుండు చాపకు ఎదురుగా నుండెను. ఆమె 9వ యేట వైధవ్యము పొందినది. భర్త మొగము ఆమెకు జ్ఞాపకము లేదు. శుభకార్యముల దినములలో ఆ గది తలుపు చేరవేసి యుండెడిది. “ముల్లు లేదురా నాయనా, వట్టి వంక!” అని పటమును మాకు చూపి నవ్వెడిది. కాళిదాసును చదువకయే ఆమె యా రహస్యమును గ్రహించెను. పిమ్మట మాకు నాటకమును పాఠము చెప్పిన పండితుడు అంతకంటె నెక్కువ చెప్పలేదు. ఇరుగుపొరుగు స్త్రీలు లక్ష్మీపటముల చీరలకు జరీయు పూసలును కుట్టి యలంకరించుచుండిరి. మేనత్త శకుంతల కేమియు కుట్టలేదు. మునికన్యకు నగలేల యనెను.

రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము జరిపించినది 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదిన. మేనత్త పుట్టినది ఆ పిదప 30 ఏండ్లకు. ఆ నగరమునకును మా యూరికిని నడుమ గోదావరి మాత్రమే యుండెను. పడవలు దాటినవి, ధాన్యము దాటినది, సంస్కరణము దాటలేదు. అక్షరములు నేర్చుకొందునని ఆమె యడిగినపుడు ఇంటి పెద్దలు నవ్విరట. తుదకు 40 ఏండ్లు గడచిన పిమ్మట, మధ్యాహ్నపు వేళల, మా పలకమీదనే ఆమె ఓనమాలు దిద్దినది. పటము క్రింది అక్షరములు తెలుగు కావని తెలిసి కొంత నొచ్చుకొన్నది.

పెద్దవారమైన తరువాత రాజమహేంద్రవరమున దామెర్ల రామారావుగారి చిత్రశాలను పలుమాఱులు చూచితిమి. 28 ఏండ్లు నిండకయే 1925లో గతించిన యా చిత్రకారుని రేఖలోని లాలిత్యము రవివర్మకు లేదు. ఆనందకుమారస్వామి మొదలగువారు రవివర్మ బొమ్మలలో నాటకపు తీరును చూచి తప్పుపట్టిరి. అదియు చాలవఱకు నిజమే.

ఆ పటమిప్పుడు మా ముందరి సావడిలో నున్నది. అంచులకు చెమ్మ పట్టినది. కళాభిజ్ఞులగు మిత్రులు వచ్చినపుడు దోషము లెంచుదురు; మేమును తల యూపుదుము. దానిని తీసి లోపలి గదిలో పెట్టుడనిన మాత్రము ఒప్పుకొనము. లోపలి గదిలో అది చాలకాలము ఉండెను.