పరంజా కూలి లెక్క

మన తాటిపాకలో మేడ గోడకి ప్లాస్టరింగ్ చేయాలన్నా, రంగు వేయాలన్నా ముందు పరంజా లేవాలి. సొంత సామానుతో పరంజా కట్టే మనిషి రోజుకింత అనగానే, ‘తాపీ మేస్త్రీ కంటే నీకెక్కువెందుకు?’ అంటారు. మేస్త్రీ సంచిలో తాపీ, రసమట్టం పట్టేస్తాయి. ఇతను సరుగుడు బాదులు, చెక్కలు, తాళ్లు ఆటోకెత్తి తేవాలి. కోనసీమ వానకి తాడు నానుతుంది, బాదు మొదలు పుచ్చుతుంది. సామాను అరుగుదల, రవాణా కలిపి ఏడాదికి 24,000 రూపాయలనుకుందాం. వానలు, మూఢాలు పోను 200 రోజులే పని దొరికితే, కూలి మొదలవకముందే రోజుకి 120 రూపాయలు ఖర్చు. 300 రోజులని ఆశపడి భాగిస్తే 80 అనిపిస్తుంది. ఆ 40 తేడా తన జేబులోంచే పోతుంది.

పక్కూరి మనిషి తక్కువకే కడతాడుగా అంటారు. కట్టొచ్చు. ఆ తగ్గింపు ఎక్కడినుంచి వస్తోందో చూడాలి: తన కూలిలోంచో, మార్చాల్సిన పాత తాడులోంచో. రెండోదైతే దానిమీద నిలబడేది ఇంకో మనిషి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు ఉందిగా అనేవారూ ఉన్నారు. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన 18–60 ఏళ్లవారు అందులో నమోదు కావొచ్చు, కావాలి కూడా. కానీ అది ఆపదలో ఆసరా, తాడు కొనిపెట్టదు. అందుకే పరంజా కట్టేవారూ, కూలి వేరుగా, సామాను అద్దె వేరుగా చెప్పండి. పని ఆగినా పరంజా విప్పనిదాకా అద్దె నడుస్తుందని ముందే మాట్లాడుకోండి. ఇల్లు కట్టించేవారికి ఒక్క మాట: బేరం కూలి దగ్గర ఆడండి, తాడు దగ్గర వద్దు.