భావనపాడు తీరం చూసొద్దాం రండి

సముద్రం చూడాలంటే మనకు వెంటనే గుర్తొచ్చేవి విశాఖపట్నం, పూరీ. కాస్త డబ్బున్నవాళ్ళయితే టీవీల్లో చూపించే గ్రీసు, ఇటలీల గురించి మాట్లాడుకుంటారు. మధ్యధరా సముద్రం ఒడ్డున తెల్లటి ఇళ్ళు, ఇసుకలో గొడుగులు, వెనకాల పాతకాలపు కట్టడాలు! ఆ సముద్రమూ, ఆ పాత కట్టడాలూ రెండూ మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నాయి. దాదాపు 190 కిలోమీటర్ల తీరం మనది. అందులో సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు ఒకటి.

అయితే ముందే ఒక మాట. భావనపాడులో గొడుగులూ, పెద్ద హోటళ్ళూ ఉండవు. అది సముద్రాన్ని నమ్ముకుని బతికే జనం ఊరు. చుట్టాలింటికి వెళ్ళినట్టు వెళితే మాత్రం మనసు నిండా తృప్తితో తిరిగొస్తాం.

దారిలో ఉప్పు మడులు

రైల్లో వచ్చేవారు హౌరా - చెన్నై లైన్లో నౌపడ జంక్షన్‌లో దిగవచ్చు. అన్ని రైళ్ళూ అక్కడ ఆగవు కాబట్టి పలాసలోనో, శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లోనో దిగి టెక్కలి చేరుకోవడం సులువు. టెక్కలి నుంచి ఆటోలో గానీ కారులో గానీ గంటలోపే ప్రయాణం.

నౌపడ దాటగానే రోడ్డుకి అటూ ఇటూ ఉప్పు మడులు కనిపిస్తాయి. వేసవిలో వెళితే తెల్లటి ఉప్పు గుట్టలు ఎండలో మెరుస్తూ ఉంటాయి. ఉప్పునీటిని మడుల్లోకి పెట్టి, ఎండకి ఇగిరేదాకా ఆగి, అడుగున మిగిలిన ఉప్పుని పలకలతో లాగి కుప్ప పోస్తారు. ఒక్క వాన పడితే ఆ కష్టమంతా నీళ్ళపాలే. వంటింట్లో చిటికెడు ఉప్పు ఒలికితే మనం పట్టించుకోం. ఇక్కడ మండుటెండలో ఉప్పు తట్టలు మోసే ఆడవాళ్ళను చూశాక ఆ చిటికెడు కూడా విలువైనదిగానే అనిపిస్తుంది.

పురిటికొచ్చే పక్షులు

ఈ దారిలోనే, టెక్కలి మండలంలో తేలినీలాపురం ఉంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇక్కడి చింతచెట్ల మీదికి గూడబాతులు, రంగుల కొంగలు వందలకొద్దీ వచ్చి వాలతాయి. గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలకు రెక్కలొచ్చాక మార్చి, ఏప్రిల్ నాటికి తీసుకుని వెళ్ళిపోతాయి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లాగే అన్నమాట! ఊళ్ళో వీటిని సైబీరియా పక్షులంటారు గానీ, నిజానికి ఈ రెండూ మన దక్షిణాసియా పక్షులే. చుట్టుపక్కల తంపర భూముల్లో, అంటే నీరు నిలిచే పల్లపు నేలల్లో, చేపలు దొరుకుతాయని వస్తాయి.

అక్కడ ఒకావిడని, "వాసన ఇబ్బందిగా లేదా అప్పా?" అని అడిగాను. "బట్టలారేయాలన్నా సెట్టు సూసుకుని ఆరేయాల. అయినా అవి రాకపోతే ఊరు బోసిపోద్దమ్మా" అంది. 2021 చివర, 2022 మొదట్లో కడుపులో పురుగులు చేరి ఇక్కడ వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. వాటికి తిండి పెట్టే నీళ్ళు బాగుంటేనే అవి బాగుంటాయి. పక్షులు చూడాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్ళండి. పిల్లల్ని అరవనివ్వకండి, చప్పట్లు కొట్టనివ్వకండి.

ఒడ్డున సంత

భావనపాడు చేరేసరికి పొద్దున్నే అయితే మంచిది. బోట్లు ఒడ్డుకి చేరే వేళ అది. వలలోంచి చేపలు తీసి ఇసుకలో పోస్తారు, పాట పెడతారు. పాడేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. వేట మగవాళ్ళది, బేరం ఆడవాళ్ళది. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళమీద తిరిగి అమ్మి, ఇల్లు నడిపేది వాళ్ళే.

ఈ జిల్లా మత్స్యకారులు చాలామంది పని కోసం గుజరాత్‌లోని వేరావల్ దాకా వలస వెళతారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన ఉత్తరాంధ్ర జాలర్లు పాకిస్తాన్ వాళ్ళకి చిక్కి, 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. అన్ని నెలలూ ఇక్కడి ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎలా గడిపి ఉంటారో మనం ఊహించుకోగలం.

చేపలు కొనాలనుకుంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వెళ్ళకండి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ 61 రోజులూ మరబోట్ల వేట నిషేధం. మిగతా రోజుల్లో ఎండు నెత్తళ్ళు తెచ్చుకోండి. కొనేముందు విరిచి చూడండి. ఠక్కున విరిగితే బాగా ఎండినట్టు, మెత్తగా వంగితే నిలవుండవు. ఇంటికొచ్చాక తలలు తీసి, గోరువెచ్చని నీళ్ళలో రెండుమూడుసార్లు కడిగి వంకాయతో పులుసు పెడితే ఆ రుచే వేరు.

అలతో జాగ్రత్త

మధ్యధరా సముద్రం చాలాచోట్ల చెరువులా ఉంటుందంటారు. మన బంగాళాఖాతం అలాంటిది కాదు. మోకాలి లోతు దాటి వెళ్ళవద్దు. అలలు విరగకుండా ఒకచోట నీళ్ళు నిమ్మళంగా కనిపిస్తే పిల్లలు అక్కడికే పరుగెడతారు. లోపలికి లాగే నీరు ఉండేది సరిగ్గా అలాంటి చోటే. పిల్లల చెయ్యి వదలకండి. కార్తీకమాసంలో వనభోజనాలకని వెళ్ళేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తిత్లీ తుఫాను 2018 అక్టోబరులో ఈ తీరాన్నే అతలాకుతలం చేసింది. వాతావరణం వార్త విన్నాకే బయల్దేరండి.

రాబోయే రేవు

భావనపాడు పేరుతో చాలా ఏళ్ళు మాటల్లో ఉన్న ఓడరేవుకి 2023 ఏప్రిల్ 19న పక్కనే ఉన్న మూలపేటలో శంకుస్థాపన జరిగింది. మూలపేట, విష్ణుచక్రం ఊళ్ళవాళ్ళు ఇళ్ళు వదలాల్సి వచ్చింది. పిల్లలకి ఉద్యోగాలొస్తాయని, వేరావల్ వెళ్ళే బాధ తప్పుతుందని ఆశపడేవాళ్ళున్నారు. బోటు ఎక్కడ ఆపుకోవాలి, వల ఎక్కడ ఆరేసుకోవాలి అని దిగులుపడేవాళ్ళూ ఉన్నారు. ఈ తీరంలో అలలు ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి మోస్తుంటాయి. సముద్రంలోకి రాతిగోడ కడితే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖ బీచ్ కథ అదే. రేవు రావాలి, నిజమే. దానితోపాటు గంప మోసే ఆడదానికి బేరం చేసుకునే చోటూ మిగలాలి. లెక్కల్లో బోట్లుంటాయి, గంపలుండవు.

రెండోరోజు శాలిహుండం

రేవులు రావడం, పోవడం మన జిల్లాకి కొత్త కాదు. రెండోరోజు శ్రీకాకుళంలో బస చేసి గార మండలం వెళ్ళండి. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం బ్రిటిష్‌వారి కాలంలో ఓడరేవు. ఇప్పుడు ఓడలు రావు, లైట్‌హౌస్ మిగిలింది. అక్కడికి దగ్గర్లోనే నది ఒడ్డున కొండమీద శాలిహుండం బౌద్ధ క్షేత్రం ఉంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారే 1919లో దీన్ని లోకానికి తెలియజేశారు. కొండెక్కితే ఇటుకల స్తూపాలు, బండిచక్రంలాంటి పునాది, తార, మారీచి అనే దేవతల విగ్రహాలు చూడవచ్చు. శాలివాటిక, అంటే ధాన్యపు కొట్టు అనే మాట నుంచి ఈ పేరొచ్చిందని కొందరంటారు. ఎముకల పెట్టె అనే అర్థమున్న శల్యపేటిక నుంచి అని మరికొందరు. దారిలో శ్రీకూర్మం, అరసవల్లి దర్శనాలు కూడా అయిపోతాయి.

వెళ్ళేవారికి

తీరంలో హోటళ్ళని నమ్ముకోకుండా పులిహోర, దద్దోజనం, సరిపడా మంచినీళ్ళు తీసుకెళ్ళండి. తడిస్తే మార్చుకోవడానికి ఒక జత బట్టలు, కాళ్ళు తుడుచుకోవడానికి పాత తువ్వాలు ఉండాలి. ఆరేసిన వలలమీద నడవకండి, ఫొటో తీసేముందు ఒక మాట అడగండి. ప్లాస్టిక్ కవర్లు ఇసుకలో వదలకండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరంలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెడతాయి. చీకటిపడకముందే టెక్కలి చేరుకునేలా చూసుకోండి.