నర్సీపట్నం నుంచి మన్యం మీదికి: ఒక ఘాటీ దారి, ఒక పితూరీ

మద్రాసు–కలకత్తా రైలుమార్గం అనకాపల్లి మీదుగా తీరాన్ని ఆనుకొనే సాగుతుంది, కొండల జోలికి పోదు. అందువల్ల 1922లో ఈ వైపు నుంచి మన్యం మీదికి కదిలిన పోలీసు దళాలు రైలు దిగి, రోడ్డు వెంట నర్సీపట్నం చేరి, అక్కడి నుంచి కొండెక్కాల్సి వచ్చింది. అల్లూరి సీతారామరాజు పితూరీలో సర్కారు బలగాలకు నర్సీపట్నమే ప్రధాన స్థావరం. సైన్యానికి బియ్యం, మందుగుండు, కబురు ఎక్కువగా ఈ ఊరి మీదుగానే వెళ్లేవి.

ఊరు దాటాక కొంత దూరం పొలాలే. తర్వాత లంబసింగి ఘాటీ మొదలవుతుంది. దారి మెలికలు తిరుగుతూ సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. తిరుగుబాటు విత్తనం పడింది ఈ రోడ్డు పనిలోనే. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చాలీచాలని కూలికి ఈ రోడ్డు పని చేయించాడు. 1882 నాటి అటవీ చట్టం తర్వాత పోడు మీద ఆంక్షలు ముందే బిగుసుకున్నాయి. ముఠాదారీ హక్కు (కొండ ఊళ్ల శిస్తు అధికారం) పోగొట్టుకున్న గాం గంటందొర, మల్లుదొర సోదరులకు బాస్టియన్‌తో సొంత తగువు కూడా ఉంది. మన్యాన్ని అదుపులో పెట్టడానికి వేసిన దారే మన్యాన్ని తిరగబడేలా చేసింది.

ఘాటీ ఎక్కితే చింతపల్లి. 1922 ఆగస్టు 22న రాజు దళం ఇక్కడి పోలీసు స్టేషనును పట్టుకుంది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరుసగా మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. వానాకాలంలో అడవి దారుల్లో ఇంత వేగంగా నడవడం కొండ బాటలు తెలిసినవారికే సాధ్యం. బయటి నుంచి వచ్చిన బలగాలకు చిత్తడి, మలేరియా, కనిపించని శత్రువు ఒక్కసారే ఎదురయ్యాయి.

ఈ దండయాత్రల్లో నేల చేసిన పని అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది దామనపల్లి ఘాటీలో. ఇరుకు దారిలో బలగం వరుసగా సాగక తప్పదు. ముందున్నవారికి వెనక ఏం జరుగుతోందో తెలియదు, పక్కకు తప్పుకునే చోటు ఉండదు. 1922 సెప్టెంబరు 24న రాజు దళం ఇక్కడ మాటు వేసింది. ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను పోనిచ్చి, వెనక వస్తున్న దొరలపై కాల్పులు జరిపింది. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. క్రీ.శ. 9లో జర్మనీ అడవుల్లో కొండకూ బురదనేలకూ నడుమ సాగిన రోమన్ సేనాని వారుస్ సేన కూడా ఇలాగే చిక్కుకుంది. రోమ్ ఒక్క దెబ్బకు మూడు లీజియన్లను పోగొట్టుకుంది. బలగాల పరిమాణంలో పోలికే లేదు గానీ, సూత్రం ఒకటే: పొడవుగా సాగిన వరుసలో సంఖ్యాబలం అక్కరకు రాదు.

నేల ఎప్పుడూ ఒకే పక్షాన నిలవదు. 1922 డిసెంబరు 6న పెదగడ్డపాలెం వరిచేలల్లో ఉన్న దళంపై మలబారు పోలీసులు విరుచుకుపడి నలుగురిని చంపారు. ఆ రాత్రే లింగాపురం దగ్గర మరో ఎనిమిది మంది పోయారు. చదును నేల మీద మెరుగైన తుపాకీదే పైచేయి. ఆ తర్వాత సర్కారు కొండలకు అలవాటుపడిన మనుషులను వెతికింది. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దిగాయి. ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమిషనరుగా వచ్చాడు. ఘాటీని గెలవాలంటే ఘాటీ తెలిసినవారే కావాలని సర్కారుకు బోధపడటానికి ఏడాదికి పైగా పట్టిందన్నమాట.

తిరుగు దారి కొయ్యూరు, కృష్ణదేవిపేటల మీదుగా దిగి మళ్లీ నర్సీపట్నం చేరుతుంది. మంప దగ్గర పట్టుబడిన రాజును 1924 మే 7న కొయ్యూరులో కాల్చి చంపారు. కొండ పాదాన ఉన్న కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు ఈ ఊరు అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. చింతపల్లి, కొయ్యూరు రాజు పేరిట ఏర్పడిన జిల్లాలోకి వెళ్లాయి. గంటందొర 1924 జూన్‌లో కాల్పుల్లో మరణించాడు. అండమాన్ శిక్ష అనుభవించిన మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.